"ఫీల్ లేదు" అంటే ఎక్కడ లేదు?

కిందటి నెల ఒక సాయంత్రం ముగ్గురు స్నేహితులతో కలిసి అమెరికన్ గిటారిస్టు జేసన్ బెకర్ 'పర్పెచువల్ బర్న్' ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరి దాకా, మధ్యలో ఎక్కడా ఆపకుండా విన్నాను. 1988లో వచ్చిన ఆ ఆల్బమ్‌లో 8 ట్రాకులున్నాయి. పాడే గొంతు ఎక్కడా వినపడదు, అంతా గిటారే. చివరి ట్రాకు ముగిశాక కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాత, గిటారు నేర్చుకుంటున్న స్నేహితుడు "అవి మనిషి వేళ్లేనా అసలు!" అన్నాడు. పక్కనున్న అతను "వాయించడం బ్రహ్మాండంగా వాయించాడు గానీ, ఫీల్ లేదురా" అన్నాడు. మూడో అతను ఆ రెండు మాటలకూ తల ఊపాడు. అంతటితో కబుర్లు వేరే విషయాల మీదికి మళ్లిపోయాయి.

దాదాపు 40 నిమిషాల సంగీతం గురించి మేము చెప్పుకోగలిగింది రెండు వాక్యాలు. ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వనిది ఆల్బమ్ కాదు, ఆ రెండు వాక్యాలే. ఎందుకంటే గొంతు లేని మెటల్ (కరకు గిటారు ధ్వనితో గట్టిగా సాగే రాక్ సంగీతం) ఆల్బమ్ ఏది తీసుకున్నా, విన్నవాళ్ల అభిప్రాయాలు చివరికి ఈ రెండింటిలో ఏదో ఒక దగ్గరికి వచ్చి ఆగిపోవడం నేను ఏళ్ల తరబడి గమనిస్తూనే ఉన్నాను. నేనూ ఎన్నోసార్లు అలాగే అన్నాను. "ఫీల్ లేదు" అన్న మాట అబద్ధమని నేననను. విన్నవాడికి ఏమీ కలగకపోతే కలగలేదనే చెప్పాలి. కానీ అది ఒక అభిప్రాయానికి మొదలు మాత్రమే. ఎక్కడ లేదు, ఏ ట్రాకులో, ఏ మలుపు దగ్గర, ఏం జరగాల్సి ఉండగా జరగలేదు అనే దాకా వెళితే తప్ప అది సంగీతం గురించిన మాట అవదని నా నమ్మకం. "మనిషి వేళ్లేనా" అన్న పొగడ్తకూ ఇదే వర్తిస్తుంది. నిజానికి అవి రెండూ ఒకే మాట. ఒకరు వేళ్లను చూసి సంతోషపడ్డారు, ఇంకొకరు వేళ్లు తప్ప ఏమీ కనిపించలేదని బాధపడ్డారు. ఇద్దరూ చూసింది వేళ్లనే.

వేళ్లను లెక్కపెట్టడం ఎలా అలవాటయింది

ఈ అలవాటు మనకు ఊరికే రాలేదు. 1978లో ఎడ్డీ వాన్ హేలెన్ 'ఇరప్షన్' అనే 1 నిమిషం 42 సెకండ్ల ముక్కతో ఎలక్ట్రిక్ గిటారు మీద ఏమేం సాధ్యమో కొత్తగా చూపించారు. 1984లో యంగ్వీ మామ్‌స్టీన్ 'రైజింగ్ ఫోర్స్' వచ్చింది. అందులో ఎక్కువ ట్రాకులు పాట లేనివే, పాగనీని వయొలిన్ రచనల నుంచి, బాక్ నుంచి తెచ్చుకున్న స్వర వరసలే. ఆ తర్వాత మైక్ వార్నీ నడిపిన ష్రాప్‌నెల్ రికార్డ్స్ అనే రికార్డు కంపెనీ నుంచి టోనీ మెకాల్పైన్, విన్నీ మూర్, మార్టీ ఫ్రీడ్‌మన్, బెకర్ వంటి యువకుల ఆల్బమ్‌లు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కొద్ది సంవత్సరాల్లోనే ఇంతమంది అసాధారణమైన వేగంతో వాయించేవాళ్లు ఒక్కసారిగా ముందుకు వచ్చేసరికి, వినేవాళ్లు వాళ్లను ఒకరి పక్కన ఒకరిని నిలబెట్టి కొలవడం మొదలుపెట్టారు. కొలవడానికి అందరికీ సులభంగా దొరికే కొలబద్ద వేగమే కదా. స్వర రచనను కొలవాలంటే పదిసార్లు వినాలి, వేగాన్ని కొలవడానికి ఒక్కసారి వింటే చాలు.

పదేళ్లు తిరక్కుండానే కాలం మారింది. వేగం మీద విసుగు పుట్టింది. కానీ కొలబద్ద మారలేదు, దాన్ని తిప్పి పట్టుకున్నారంతే. ఒకప్పుడు ఎక్కువ స్వరాలంటే గొప్ప, తర్వాత ఎక్కువ స్వరాలంటే మనసు లేనితనం. "ఒక్క స్వరంతో కన్నీళ్లు తెప్పించేవాడే అసలైన గిటారిస్టు" అన్న మాట చాలామంది నోట విన్నాను. ఇది వినయంగా వినిపించినా, లోపల ఉన్నది మళ్లీ లెక్కే. ఒక్క స్వరంతో విసుగు తెప్పించేవాళ్లూ ఉన్నారు, వంద స్వరాలతో గొంతు పూడుకుపోయేలా చేసేవాళ్లూ ఉన్నారు.

అయితే "ఫీల్ లేదు" అన్నవాళ్ల పక్షాన ఒక బలమైన కారణం ఉంది, దాన్ని వాళ్లు చెప్పకపోయినా నేను చెప్పాలి. అది ఎలక్ట్రిక్ గిటారు స్వభావంలోనే ఉంది.

డిస్టార్షన్ ఇచ్చేది, తీసుకునేది

ఆంప్లిఫయర్ మోయగలిగినదాని కంటే ఎక్కువ సిగ్నల్ పంపినప్పుడు ధ్వని తరంగాల శిఖరాలు తెగిపోయి చదునవుతాయి. దాన్నే డిస్టార్షన్ అంటారు. మెటల్ గిటారుకు ఆ గరగర, ఆ నిండుదనం, స్వరం చాలాసేపు నిలబడటం, అన్నీ అక్కడి నుంచే వస్తాయి. కానీ దానికి మూల్యం ఒకటుంది. శిఖరాలు తెగిపోయాక, తీగను మెల్లగా మీటినా గట్టిగా మీటినా బయటికి వచ్చే శబ్దంలో తేడా చాలా తగ్గిపోతుంది. పియానో వాయించేవారికి, వయొలిన్ వాయించేవారికి భావం పలికించడానికి మొదటి సాధనం మెల్లదనం, గట్టిదనం మధ్య ఉన్న ఆ దూరమే. డిస్టార్షన్‌తో వాయించే గిటారిస్టు దాన్ని చాలావరకు వదులుకుంటాడు. అతని దగ్గర మిగిలేవి తీగను పక్కకు లాగి శృతిని పైకి ఎక్కించే బెండ్, నిలబెట్టిన స్వరాన్ని వణికించే వైబ్రాటో, తీగను మీటే చిన్న బిళ్ల, అంటే పిక్, తగిలే తీరు, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే జారుడు.

ఇప్పుడు వేగం సంగతి చూడండి. సెకనుకు పది పన్నెండు స్వరాలు వెళుతున్నప్పుడు ఏ స్వరాన్నీ బెండ్ చేయడానికి, వణికించడానికి సమయం ఉండదు. అంటే మెల్లగట్టిదనాలను డిస్టార్షన్ తీసుకుంటుంది, మిగిలినవాటిని వేగం తీసుకుంటుంది. మనిషి గొంతును గుర్తుచేసే ఆనవాళ్లన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. దానికి తోడు గిటారిస్టుకు ఊపిరితో పని లేదు. పాడేవాళ్లు, వేణువు ఊదేవాళ్లు వాక్యం చివర ఆగి తీరాలి, ఆ ఆగడంలోనే వినేవాడికి కూడా ఊపిరి అందుతుంది. గిటారు ఆగాల్సిన అవసరం లేదు కాబట్టి, ఆగాలని వాయించేవాడే నిర్ణయించుకోవాలి. యువకులు చాలామంది ఆ నిర్ణయం తీసుకోరు. కాబట్టి "ఫీల్ లేదు" అన్న నా స్నేహితుడి చెవి ఒక నిజమైన లోటునే పట్టుకుంది. ఆ లోటుకు అతను పెట్టిన పేరుతోనే నాకు పేచీ.

ఎందుకంటే గొంతు ఆనవాళ్లు లేనంత మాత్రాన సంగీతంలో ఏమీ లేనట్టు కాదు. ఈ సంగతి నాకు తెలిసివచ్చిన తీరు చెబుతాను. 'పర్పెచువల్ బర్న్'లో మొదటి ట్రాకు 'ఆల్టిట్యూడ్స్'. పాట ఎత్తుకున్నట్టు నెమ్మదిగా మొదలై, ఆ తర్వాత ఆర్పెజియోల వరసలోకి వెళుతుంది. ఆ వరసను స్వీప్ పికింగ్ పద్ధతిలో వాయించారు. అంటే పిక్‌ను ఒకే దిశలో తీగ మీద నుంచి తీగ మీదికి జారుస్తూ, మోగిన స్వరం మోగినట్టే ఉండిపోకుండా ఎడమచేతి వేలిని వెంటనే కాస్త ఎత్తేస్తూ, ఒక కార్డ్‌లోని, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులోని, స్వరాలను విడివిడిగా, ఒకదాని వెంట ఒకటి దొర్లించడం. గిటారు నేర్చుకునే ప్రతివాడూ ఏదో ఒక రోజు దీని మీద పడి నెలలు గడుపుతాడు. నేనూ గడిపాను. నేర్చుకోవడం కోసమే ఆ భాగాన్ని శృతి మారకుండా సగం వేగానికి తగ్గించి విన్నాను.

సగం వేగంలో వేళ్లు మాయమైపోయాయి. మిగిలింది కార్డ్‌లు ఒకదాని నుంచి ఒకటి పుట్టుకొచ్చే ఒక క్రమం, ప్రతి ఆర్పెజియోలోనూ అన్నిటికంటే పైనున్న స్వరాలు కలిసి గీసే ఒక గీత. ఆ గీతను నేను నోటితో పాడుకోగలిగాను. అది బాధగా ఉంది, ఒక్కో మెట్టూ దిగుతూ మధ్యలో మళ్లీ ఒక మెట్టు ఎక్కబోయి ఆగిపోయినట్టుంది. తర్వాత అసలు వేగంలో విన్నప్పుడు నాకు స్వరాలు వినపడలేదు, ఆ గీతే వినపడింది. అంతకుముందు యాభైసార్లు విన్నా వినపడనిది అది.

ఈ అనుభవాన్ని "ఫీల్ లేదు" అన్న స్నేహితుడికి చెబితే అతను న్యాయమైన ప్రశ్నే అడిగాడు. "సగం వేగంలో పెడితే తప్ప బాగుండని సంగీతాన్ని ఆ వేగంలో ఎందుకు వాయించాలి? వాయించిన వేగంలోనే అది నాకు అందాలి కదా?" దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. వేగంగా మాట్లాడే మనిషి మాటలు మొదట కలగాపులగంగా వినిపించి, అలవాటయ్యాక విడివిడిగా తెలుస్తాయి కదా అన్నాను. అతను ఒప్పుకోలేదు. వినేవాడు ఆ శ్రమ పడటానికి ముందు సంగీతం ఏదో ఒకటి ఇచ్చి అతన్ని కూర్చోబెట్టాలి అన్నాడు. అది నిజం. ఏ వినేవాడూ ఏ ఆల్బమ్‌కూ రుణపడి లేడు. రెండోసారి వినాలనిపించకపోతే, ఆ వైఫల్యంలో సగం ఆల్బమ్‌దే.

"పాట ఎప్పుడు మొదలవుతుంది?"

మా పెద్దక్కకు మెటల్ అలవాటు లేదు. ఒకరోజు నేను ఇదే ఆల్బమ్ వింటుంటే వచ్చి పక్కన కూర్చుంది. మూడు నిమిషాలు ఓపికగా విని, "ఒరే, పాట ఎప్పుడు మొదలవుతుందిరా?" అని అడిగింది. అప్పటి దాకా ఆమె విన్నదంతా ఆమె లెక్కలో పాటకు ముందు వచ్చే సంగీతం. ఎవరో వచ్చి పాడబోతున్నారు, ఇది ఆ వచ్చే మనిషికి పరిచే తివాచీ. పాడేవాళ్లెవరూ లేరక్కా, ఇంతే అన్నాను. "మరి ఇందాకటి నుంచీ నేను దేనికోసం చూస్తున్నట్టు?" అంది.

గొంతు లేని ఆల్బమ్‌ల మీద నేను విన్న అన్ని అభిప్రాయాల్లోనూ ఇంత సూటైనది ఇంకొకటి లేదు. పాటలో మాటలు అర్థం చెప్పడమే కాదు, దారి కూడా చూపిస్తాయి. ఇది చరణం, ఇది పల్లవి, పల్లవి మళ్లీ వచ్చింది కాబట్టి సగం దూరం వచ్చాము అని తెలియని భాషలో పాడినా మనకు తెలిసిపోతుంది. మాటలు తీసేసినప్పుడు ఆ మైలురాళ్లన్నీ పోతాయి. సంగీతం తన మైలురాళ్లను తానే పాతుకోవాలి. పాతుకోని చోట వినేవాడు దేనికోసమో ఎదురుచూస్తూ అలసిపోతాడు. ఆ అలసటకే చాలామంది "ఫీల్ లేదు" అని పేరు పెడతారని ఇప్పుడు నాకు అనిపిస్తోంది.

"అయితే మెటల్ వినేవాళ్లకు గొంతు లేకపోతే సరిపడదన్నమాట" అని కొందరు తేల్చేస్తారు. అది నిలబడదు. గొంతు లేని ఆల్బమ్ వినలేమనే వాళ్లే 1986లో వచ్చిన మెటాలికా 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' నుంచి ఇష్టమైనది చెప్పమంటే తడుముకోకుండా 'ఓరయన్' పేరు చెబుతారు. అందులో పాట లేదు, 8 నిమిషాలకు పైగా నడుస్తుంది, మధ్యలో వేగం తగ్గి క్లిఫ్ బర్టన్ వాయించిన బాస్ గిటారు మీదుగా పూర్తిగా వేరే లోకంలోకి వెళ్లి తిరిగి వస్తుంది. దాన్ని ఎవరూ ఫీల్ లేదనలేదు. నేను ఈ మాట అన్నప్పుడు మూడో స్నేహితుడు, అంతవరకూ ఏమీ మాట్లాడనివాడు, ఒక మంచి మాటన్నాడు. "ఓరయన్ ఆ ఆల్బమ్‌లో ఏడోది. ముందు ఆరు పాటలు మాటలతో కొట్టి కొట్టి వదిలాక, నోరు మూసుకుని వచ్చే ఒక్కటి కాబట్టి అది హాయిగా ఉంటుంది. వరసగా ఎనిమిది ఓరయన్‌లు పెట్టి చూడు." నా వాదానికి తగిలిన గట్టి దెబ్బల్లో ఇదొకటి. మౌనం పక్కన మాట ఉంటేనే మౌనానికి విలువ. పూర్తి ఆల్బమ్ గొంతు లేకుండా చేయాలనుకునేవాళ్లు ఆ తేడాను గిటారులోనే సృష్టించాలి, అది ఒక్క ట్రాకు చేయడం కంటే ఎంతో కష్టం.

ఆ కష్టాన్ని సంస్థలు కూడా నమ్మవు. పశ్చిమ వర్జీనియాకు చెందిన కర్మ టు బర్న్ అనే బృందం గొంతు లేకుండానే వాయించాలనుకుంది. 1997లో వచ్చిన తొలి ఆల్బమ్‌కు మాత్రం రికార్డు కంపెనీ ఒత్తిడి మీద ఒక గాయకుడిని చేర్చుకోవాల్సి వచ్చింది. 1999లో రెండో ఆల్బమ్‌తో వాళ్లు తమ దారికి తిరిగి వచ్చారు, ట్రాకులకు పేర్ల బదులు అంకెలు పెట్టారు. ఈ అంకెల సంగతి నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది. గొంతు లేని ఆల్బమ్‌లో మాటలనేవి ఉన్నది ఒక్క పేర్లలోనే. 'ఆల్టిట్యూడ్స్' అని పేరు పెట్టగానే వినేవాడు ఎత్తులను ఊహించుకుంటాడు. ఆ ఒక్క చేయూతను కూడా తీసేసి, ఇది ఇరవయ్యోది, ఇది ముప్ఫయ్యోది అని వదిలేయడం వినేవాడి మీద నమ్మకం అనుకోవాలో, పట్టింపు లేకపోవడం అనుకోవాలో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇంకో దారి జో సాట్రియానీది. 1987లో వచ్చిన 'సర్ఫింగ్ విత్ ది ఏలియన్' అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 29వ స్థానం దాకా వెళ్లింది. పాటలే లేని గిటారు ఆల్బమ్‌కు అది చిన్న విషయం కాదు. ఆయన చేసిన పని గిటారునే గాయకుడిని చేయడం. ప్రతి ట్రాకులోనూ ఒక ప్రధాన రాగవాక్యం ఉంటుంది, అది పల్లవిలా తిరిగి వస్తుంది, సోలో ఎంత దూరం పోయినా చివరికి ఇంటికి చేరుతుంది. మా అక్కకు ఆ ఆల్బమ్ పెట్టి ఉంటే "పాట ఎప్పుడు" అని అడిగేది కాదు. అందులో డ్రమ్స్ చాలావరకు డ్రమ్ మెషీన్‌వి. యంత్రం కొట్టిన డ్రమ్స్ మీద వాయించిన ఆ గిటారును "ఎంత ఫీల్ ఉంది" అని మెచ్చుకునేవాళ్లే, ఆట్మా ఆనుర్ అనే మనిషి స్వయంగా డ్రమ్స్ వాయించిన 'పర్పెచువల్ బర్న్'ను "యంత్రంలా ఉంది" అంటారు. దీన్నిబట్టి వాళ్లకు చెవి లేదని నేననను. యంత్రంలా ఉండటం అనే భావన వాయించినదెవరన్న దాని నుంచి రావడం లేదని, మైలురాళ్లు ఉన్నాయా లేవా అన్నదాని నుంచి వస్తోందని మాత్రం అంటాను.

కూనిరాగం పరీక్ష, దాని లోపం

ఇదంతా ఆలోచించాక నేను ఒక పరీక్ష పెట్టుకున్నాను. ఆల్బమ్ విన్న మర్నాడు పొద్దున ఏదైనా ఒక ముక్క నా నోట కూనిరాగంగా వస్తే ఆల్బమ్ నిలిచినట్టు, రాకపోతే లేనట్టు. కొన్ని వారాలు ఈ పరీక్ష నాకు చాలా నచ్చింది. సాట్రియానీ సులభంగా నెగ్గారు. 'ఓరయన్' నెగ్గింది. బెకర్ సగం నెగ్గారు.

ఎర్త్ బృందం 1993లో విడుదల చేసిన 'ఎర్త్ 2' దగ్గర నా పరీక్ష కూలిపోయింది. 3 ట్రాకులు, 70 నిమిషాలకు పైగా నిడివి, తక్కువ శృతికి దించిన గిటారు, బాస్ కలిసి ఒకే హోరులా సాగే ధ్వని, దాదాపు లయ వాద్యమే లేదు. కూనిరాగం తీయడానికి అందులో ఏమీ లేదు. అయినా అది విన్న రోజు నా ఒంట్లో ఏదో బరువు సర్దుకున్నట్టు గంటల తరబడి ఉంది. పెలికాన్ బృందం 2003 ఆల్బమ్ 'ఆస్ట్రలేసియా' కూడా దాదాపు అంతే. అందులో గుర్తుండేది రాగం కాదు, ఒక రిఫ్ (పదే పదే వచ్చే చిన్న గిటారు వరస) మీద పొరలు పేరుకుంటూ పోయే తీరు. ఇంకో పక్క, టోసిన్ అబాసి 8 తీగల గిటారుతో చేసిన 'ఆనిమల్స్ యాజ్ లీడర్స్' తొలి ఆల్బమ్ ఉంది, 2009లో వచ్చింది. అక్కడ గిటారు గాయకుడు కాదు, తబలా వాయించినట్టు తీగలను కొడుతుంది. దాన్ని నోటితో పాడలేము, వేళ్లతో బల్ల మీద కొట్టగలం. రెండు రోజుల పాటు నేను కొట్టాను కూడా.

కాబట్టి పరీక్షను మార్చుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు నేను అడుగుతున్న ప్రశ్న ఇది: ఈ ఆల్బమ్‌లో ఏది తిరిగి వస్తోంది, తిరిగి వచ్చినప్పుడు అది మారి వస్తోందా? తిరిగి వచ్చేది రాగవాక్యం కావచ్చు, లయ కావచ్చు, ఎర్త్‌లో లాగా ఒకే స్వరపు బరువు కావచ్చు. మాటలు లేనప్పుడు సంగీతానికి జ్ఞాపకం అనేది ఆ తిరిగి రావడంలోనే ఉంది. అసలేదీ తిరిగి రాకపోతే అది ప్రదర్శన. వచ్చినది వచ్చినట్టే వస్తుంటే అది సాధన. మారి వస్తేనే నాకు అందులో ఒక మనిషి కనిపిస్తాడు. ఇలా అడగడం మొదలుపెట్టాక "ఫీల్" అన్న మాట వాడాల్సిన అవసరం నాకు చాలా తగ్గింది, చూపుడు వేలు పెట్టి చూపించగలిగిన చోట్లు పెరిగాయి.

ఈ ప్రశ్నతో 'పర్పెచువల్ బర్న్'లో అన్నిటికంటే పైకి లేచేది 'ఎయిర్'. ఎక్కువ భాగం డిస్టార్షన్ లేని శుభ్రమైన గిటారు ధ్వనితో, ఒక స్వరధార మీద ఇంకో స్వరధార పేర్చుతూ, బాక్ కాలపు పద్ధతిలో ఒకటి అడిగితే ఇంకొకటి జవాబిచ్చేట్టు కట్టారు. డిస్టార్షన్ గురించి పైన చెప్పినది ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఒకే గిటారు నుంచి అన్ని స్వరాలను కలిపి డిస్టార్షన్ గుండా పంపితే అవి ఒకదాన్నొకటి తినేసి బురదైపోతాయి, మెటల్‌లో రెండు స్వరాల పవర్ కార్డ్‌లు అంతగా చెల్లుబాటు కావడానికి అదే కారణం. ధారలు విడివిడిగా వినపడాలంటే శుభ్రమైన ధ్వని కావాలి, విడివిడిగా రికార్డు చేసిన పొరలు కావాలి. 18 ఏళ్ల కుర్రవాడికి ఆ సంగతి తెలిసి ఉండటం, అందరూ వేగం కోసం వినే ఆల్బమ్ నడిమధ్యన ధైర్యంగా దాన్ని పెట్టడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. మా అక్క కూడా దీని దగ్గరే ఆగింది. "ఎంతమంది వాయిస్తున్నారు?" అని అడిగింది. ఒక్కడే అన్నాను. కాసేపాగి, "మళ్లీ పెట్టు" అంది.

కథ తెలిసిన చెవులు

ఇంతదాకా రాసినదాన్ని వెనక్కి లాగే విషయం ఒకటి ఉంది, దాన్ని దాటేసి పోవడం నిజాయితీ కాదు. 1990లో, 20 ఏళ్ల వయసులో బెకర్‌కు ఏఎల్ఎస్ అనే నాడీ వ్యాధి ఉన్నట్టు తేలింది. అప్పటికి ఆయన రాక్ గాయకుడు డేవిడ్ లీ రాత్ బృందంలో చేరి ఆల్బమ్ రికార్డింగులో ఉన్నారు. తర్వాత గిటారు వాయించే శక్తి పోయింది, నడక పోయింది, మాట పోయింది. తండ్రి రూపొందించిన పద్ధతిలో కళ్ల కదలికలతో అక్షరాలు సూచిస్తూ మాట్లాడతారు, అలాగే సంగీతం కూడా రాస్తారు. 1996లో 'పర్‌స్పెక్టివ్', 2018లో అనేకమంది గిటారిస్టులు వాయించగా 'ట్రయంఫంట్ హార్ట్స్' వచ్చాయి.

ఈ కథ తెలిసినవాళ్లలో 'ఆల్టిట్యూడ్స్' వింటూ కళ్లు తుడుచుకున్నవాళ్లను నేను చూశాను. ఒకసారి ఇద్దరు మిత్రులకు వేర్వేరుగా ఆ ట్రాకు వినిపించాను. ఒకరికి ముందే కథ చెప్పాను, ఇంకొకరికి చెప్పలేదు. కథ విన్న మిత్రుడు, "ప్రతి స్వరంలోనూ వీడ్కోలు ఉంది" అన్నాడు. వినని మిత్రుడు, "ఎవరో కుర్రాడు, చాలా ఉత్సాహంగా ఉన్నాడు, తన చేతనైనదంతా చూపించేయాలనుకుంటున్నాడు" అన్నాడు. రికార్డు చేసిన తేదీని బట్టి చూస్తే రెండో మాటే నిజానికి దగ్గర. 1988లో ఏ వీడ్కోలూ లేదు. అప్పటికి ఏ జబ్బూ బయటపడలేదు. ఆ వీడ్కోలు వినేవాడు తనతో తెచ్చుకున్నది.

మరి సగం వేగంలో నాకు వినిపించిన బాధ సంగతేమిటి? అది కూడా నేను తెచ్చుకున్నదేనా? అప్పటికి నాకు ఆయన కథ తెలుసు. ఈ అనుమానాన్ని నేను పూర్తిగా తీర్చుకోలేకపోయాను. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను. ఆ పై స్వరాల గీత దిగుతూ వెళ్లడం, మధ్యలో ఒక మెట్టు ఎక్కబోయి ఆగడం రికార్డులో ఉన్నదే, కథ తెలిసినా తెలియకపోయినా ఎవరైనా విని సరిచూసుకోవచ్చు. దాన్ని బాధ అనడం నాది. అలాంటి గీత లేకపోతే నా బాధకు పట్టుకోవడానికి కొమ్మ దొరికేది కాదు. అందుకే అభిప్రాయం చెప్పేటప్పుడు ముందు గీతను చూపించి ఆ తర్వాత బాధ గురించి మాట్లాడాలని అనుకుంటున్నాను. అప్పుడు అవతలివాడు నా బాధను ఒప్పుకోకపోయినా గీత దగ్గర మేమిద్దరం కలుసుకుంటాం. కథకు ఉన్న బలం చేత ఆల్బమ్‌ను పొగడటం బెకర్‌కు గౌరవం కాదని కూడా అనుకుంటున్నాను. ఆయన ఇప్పటికీ స్వరాలు రాస్తూనే ఉన్న మనిషి. స్వరాల గురించి మాట్లాడటమే ఆయన పనికి తగిన మర్యాద.

అలా మాట్లాడితే పొగడ్తలు కొన్ని తగ్గుతాయి కూడా. టైటిల్ ట్రాకులో నాకు మొదటి నిమిషం ఎంత నచ్చుతుందో, తర్వాత వచ్చే కొన్ని భాగాలు ఒకదానికొకటి సంబంధం లేకుండా కుట్టినట్టు అంతగా అనిపిస్తాయి. ఆల్బమ్ రెండో సగంలో మార్పుల వేగం ఎక్కువ, తిరిగి రావడాలు తక్కువ. కొత్త ఆలోచన పుట్టినప్పుడల్లా పాతదాన్ని అక్కడే వదిలేసి పోయే ఆ తొందర 18 ఏళ్ల వయసుదే. దాన్ని లోపమని రాయడానికి నేను ఇన్నాళ్లూ జంకాను, ఆయన జబ్బు గుర్తొచ్చి.

మొన్న ఆ "ఫీల్ లేదు" స్నేహితుడికి ఇవన్నీ ఉత్తరం రాసినట్టు రాసి పంపాను. నువ్వు అన్నది నిజమే కావచ్చు, కానీ ఎక్కడ లేదో చూపించు, ఆ చోటు నాకూ వినాలని ఉంది అన్నాను. రెండు రోజులు జవాబు రాలేదు. మూడో రోజు రాత్రి అతని దగ్గర నుంచి సందేశం వచ్చింది. ఐదో ట్రాకు 'టెంపుల్ ఆఫ్ ది అబ్సర్డ్'లో ఒక చోటును నిమిషాలు, సెకండ్లతో సహా రాసి, "ఇక్కడ కింద బాస్ ఒకే చోట నిలబడి ఉంటే పైన గిటారు ఊరికే పరుగెడుతోంది. ఎందుకో నాకు అర్థం కాలేదు. దీని ముందు అరనిమిషం మాత్రం నాకు చాలా నచ్చింది, అది మళ్లీ వస్తుందేమోనని చూశాను, రాలేదు" అన్నాడు. ఆ చోటును నేను ఇప్పటికి ఆరుసార్లు విన్నాను. బాస్ నిలబడి ఉన్న మాట నిజమే. ఆ పరుగు ఊరికే అన్నది మాత్రం నేను ఇంకా ఒప్పుకోలేదు, ఈ ఆదివారం అతను వచ్చినప్పుడు గిటారు చేతిలో పెట్టుకుని ఆ నాలుగు బార్లు (తాళపు ఆవర్తనాలు) నెమ్మదిగా వాయించి చూపిస్తానని చెప్పాను.